మూడో వైరా, నాలుగో వైరా? ఆన్‌లైన్ ఫ్లైట్ సిమ్‌లో విమానవాహక నౌక లెక్కలు

మూడో వైరు పట్టానంటాడు పైలట్. కాదు, నాలుగోదంటుంది స్కోరు. డెక్ చివర నిలబడి చూస్తున్న స్నేహితుడేమో విమానం నౌక అంచుకి తగిలినంత పని చేసిందంటాడు. సర్వర్‌లో సేవ్ అయిన రికార్డింగ్ తెరిస్తే అందులో ఇంకో కథ. విమానవాహక నౌక డెక్ మీద అడ్డంగా కట్టిన వైర్లలో ఒకదాన్ని తోక కింది హుక్కుతో పట్టుకునే విమానం ఆగుతుంది, ఎన్నో వైరన్నదే ఇక్కడి గొడవ. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఇంటి కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడుతూ, ఆన్‌లైన్‌లో పదిమందితో కలిసి విమానవాహక నౌక మీద దిగేవాళ్లకి ఈ తగువు కొత్తేమీ కాదు. కొత్తగా వచ్చినవాళ్లకి మాత్రం ఇది అయోమయంగా ఉంటుంది. ఒక్కరే ఆడినప్పుడు బుద్ధిగా పనిచేసిన నౌక, నలుగురు చేరగానే ఎందుకు మొరాయిస్తుంది?

క్లుప్తంగా: ఆన్‌లైన్ సిమ్‌లో ప్రతి పైలట్ విమానాన్నీ అతని కంప్యూటరే లెక్కగడుతుంది, మిగతావాళ్లు చూసేది కాస్త పాతబడిన అంచనా. గాల్లో ఆ తేడా పెద్దగా తెలియదు, వైర్ల మధ్య దూరం 12 మీటర్లే ఉన్న డెక్ మీద బయటపడుతుంది. దానికి తోడు చోటు, సమయం, గాలి అనే మూడింటినీ అందరూ పంచుకోవాలి. అందుకే ఆన్‌లైన్ క్యారియర్ మిషన్‌లో ల్యాండింగ్ కంటే క్రమశిక్షణే గట్టి పరీక్ష అవుతుంది.

నౌక ఇంటికి ఎలా వచ్చింది

నౌక మీద దిగడం సిమ్యులేటర్లకు కొత్త కాదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌కి 2007లో వచ్చిన యాక్సిలరేషన్ ప్యాక్‌లోనే హార్నెట్ యుద్ధ విమానం, విమానవాహక నౌక ఉన్నాయి. కానీ ఈ రంగం తీరు మార్చింది ఈగల్ డైనమిక్స్ సంస్థ డీసీఎస్ వరల్డ్. అందులో 2018లో ఎఫ్/ఏ-18సీ హార్నెట్, 2019లో హీట్‌బ్లర్ తయారుచేసిన ఎఫ్-14 టామ్‌క్యాట్, 2020లో సూపర్‌క్యారియర్ మాడ్యూల్ (గేమ్‌కి విడిగా కొనుక్కునే భాగం) వరుసగా వచ్చాయి. ఈ మూడోది వచ్చాక నౌక ఒట్టి రన్‌వేలా కాకుండా పనివాళ్లున్న చోటులా కనిపించడం మొదలైంది. పసుపు చొక్కా మనిషి చేతులూపి దారి చూపిస్తాడు, ఆకుపచ్చ చొక్కావాళ్లు విమానాన్ని గాల్లోకి విసిరే కేటపల్ట్ యంత్రం దగ్గర ఉంటారు. ప్లేయర్ 'యు' కీ నొక్కితే ముందు చక్రం కేటపల్ట్‌కి తగులుకుంటుంది, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే పైలట్ సెల్యూట్ కొడతాడు, ఆ వెంటనే విమానం డెక్ మీంచి ఎగిరిపోతుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కి కూడా 2021లో సూపర్ హార్నెట్, 2022లో క్యారియర్ ల్యాండింగ్ సవాలు ఉచితంగా వచ్చాయి. దాంతో మామూలు ప్రయాణికుల విమానాలు నడుపుకునేవాళ్లు కూడా ఇటువైపు తొంగిచూశారు.

ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా డీసీఎస్ నుంచే. పదిమందీ ఒకే నౌకని పంచుకునే మిషన్లు ఎక్కువగా నడిచేది అందులోనే.

వరుస తప్పితే అందరికీ ఇబ్బందే

అమెరికా నేవీ పద్ధతిలో పగలు, వాతావరణం బాగున్నప్పుడు దిగే విధానాన్ని కేస్-1 అంటారు. మేఘాలు 3,000 అడుగులకి పైన ఉండాలి, కనీసం 5 నాటికల్ మైళ్ల దూరం కనిపించాలి. వచ్చిన విమానాలు నౌక నెత్తి మీద ఎడమవైపు గుండ్రంగా తిరుగుతూ వేచి ఉంటాయి. అన్నిటికన్నా కింది వరుస 2,000 అడుగుల్లో, దాని పైన వెయ్యేసి అడుగులకి ఒక్కో వరుస. వంతు రాగానే నౌక వెనక నుంచి 800 అడుగుల ఎత్తులో, నౌక కుడి పక్కగా ముందుకు దూసుకెళ్లి, ఎడమకి గట్టిగా తిప్పి, 600 అడుగులకి దిగి, నౌకకి ఎదురు దిశలో వెళ్తారు. మళ్లీ తిరిగి నౌక వెనక నేరుగా లైన్‌లోకి వచ్చాక డెక్‌ని తాకడానికి మిగిలేది 15 నుంచి 18 సెకన్లు. ఆ కాస్త సమయంలోనే సరైన ఎత్తులో వస్తున్నామో లేదో చూపించే అద్దాల దీపపు స్థానం, మధ్య గీత, ఎదురొచ్చే గాలికి రెక్క కోణం మూడూ చూసుకోవాలి. హార్నెట్‌కి ఆ కోణం 8.1 డిగ్రీలు.

ఇదంతా ఒక్కరే ఆడితే చేతి నైపుణ్యమే. యాభై సార్లు చేస్తే వచ్చేస్తుంది. ఆన్‌లైన్‌లో ఇదే పని ముందు ఒకరు, వెనక ఇంకొకరు ఉండగా చేయాలి. అసలైన నౌక మీద ఒక విమానానికీ ఇంకోదానికీ మధ్య ముప్పావు నిమిషం నుంచి నిమిషం వ్యవధి ఉంటుంది. ముందు దిగినవాడు వైరు వదిలించుకుని, హుక్కు పైకి లేపి, ల్యాండింగ్ గీత దాటి పక్కకి జరగాలి. ఇంట్లో ఆడేవాడికి ఇక్కడే తడబాటు. వైరు పట్టగానే సంతోషంతో స్క్రీన్‌షాట్ తీసుకుంటూ ఇరవై సెకన్లు అక్కడే కూర్చుంటాడు. వెనక వచ్చేవాడు చుట్టు తిరిగి వెళ్లాలి. ఆ చుట్టు వల్ల మూడోవాడి వంతు ఆలస్యం, నాలుగోవాడి ఇంధనం తక్కువ. ఒకరి ఇరవై సెకన్లు చివరివాడి దగ్గరికి వచ్చేసరికి ఐదు నిమిషాలవుతాయి.

రాత్రిపూట లేదా వాతావరణం బాగోలేనప్పుడు వాడే కేస్-3లో ఈ సమయపాలన ఇంకా కఠినం. నౌక వెనక దూరంలో ఒక్కొక్కరికీ ఒక్కో చోటు: 21 మైళ్ల దగ్గర 6,000 అడుగులు, 22 మైళ్ల దగ్గర 7,000, అలా పైపైకి. ఒక్కొక్కరూ సరిగ్గా నిమిషం తేడాతో బయల్దేరాలి. ముందొచ్చినా తప్పే, వెనకొచ్చినా తప్పే. గేమ్‌లో గడియారం సర్వర్‌దే కాబట్టి అందరికీ ఒకటే సమయం ఉంటుంది. పాటించడమే మనుషుల చేతిలో ఉంది. ఇంకో తమాషా ఏమిటంటే అసలు నేవీలో కేస్-1 దాదాపు నిశ్శబ్దంగా సాగుతుంది, రేడియోలో మాటలే ఉండవు. ఆన్‌లైన్ సర్వర్లలో ఎక్కువ మాటలు వినిపించేది సరిగ్గా అప్పుడే.

ఎవరి కంప్యూటర్‌ది నిజం?

షూటింగ్ గేమ్‌ల్లో సాధారణంగా తుది మాట సర్వర్‌ది. ఫ్లైట్ సిమ్‌లో అలా కుదరదు. స్టిక్ కదిపిన సంగతి సర్వర్‌కి వెళ్లి, లెక్క అయ్యి, తిరిగి వచ్చాక విమానం కదిలితే దాన్ని ఎవరూ నడపలేరు. అందుకే ఎవరి విమానం లెక్క వాళ్ల కంప్యూటర్‌లోనే జరుగుతుంది. ఎక్కడున్నాను, ఎంత వేగం, ఎటు తిరిగాను అనే వివరాలు మాత్రం సెకనుకి కొన్నిసార్లు సర్వర్‌కి వెళ్తాయి, అక్కణ్ణుంచి మిగతావాళ్లకి చేరతాయి. రెండు సందేశాల మధ్య ఖాళీని ప్రతి కంప్యూటరూ ఊహించి నింపుతుంది: ఇదే వేగంతో ఇటే పోతున్నాడు కాబట్టి ఇప్పుడు ఇక్కడ ఉండాలి అని. దీన్ని డెడ్ రెకనింగ్ అంటారు. 1980లలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, ట్యాంకు సిబ్బంది శిక్షణ కోసం సిమ్యులేటర్లని నెట్‌వర్క్‌తో కలిపిన సిమ్‌నెట్ ప్రాజెక్టులో ఈ పద్ధతి స్థిరపడింది. ఇప్పటి ఆన్‌లైన్ గేమ్‌లు చాలావరకు దాని వారసులే.

ఊహలో తప్పు ఎంత ఉంటుందన్నది విమానం ఏం చేస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. నేరుగా పోతున్నప్పుడు దాదాపు సున్నా. అదే నౌక దాటాక భూమ్యాకర్షణకి నాలుగు రెట్ల (4 జీ) బలంతో మలుపు తీసుకుంటే? సందేశం 0.2 సెకన్లు ఆలస్యమైతే తప్పు ముప్పావు మీటరు. అర సెకను సందేశాలు రాకపోతే తప్పు ఐదు మీటర్ల దగ్గరికి వెళ్తుంది. సమయం రెండున్నర రెట్లైతే తప్పు ఆరు రెట్లు పైనే, ఎందుకంటే ఇది సమయం వర్గంతో పెరుగుతుంది. హార్నెట్ రెక్కల వెడల్పు మొత్తం 12 మీటర్ల చిల్లర. దాని పక్కన రెక్కకి రెక్క ఆనించినట్టు ఎగురుతున్నవాడికి ఐదు మీటర్ల గెంతు అంటే ఢీకొట్టడమే. నేరుగా వచ్చినంతసేపూ అందంగా కనిపించిన జంట, మలుపు మొదలవగానే గిలగిల్లాడడానికి కారణం ఇదే. పింగ్ (సందేశం సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఎక్కువైనా నిలకడగా ఉంటే సర్దుకోవచ్చు. ఒకసారి 80, ఇంకోసారి 300 చూపించే కనెక్షన్‌తోనే అసలు చిక్కు.

ఇక డెక్ దగ్గరికి వద్దాం. హార్నెట్ దిగేటప్పుడు గాలి వేగం 135 నాట్ల దరిదాపు. డెక్ మీద ఎదురుగాలి 25 నాట్లు తీసేస్తే, నౌకతో పోలిస్తే విమానం వేగం 110 నాట్లు, అంటే సెకనుకి సుమారు 57 మీటర్లు. 0.2 సెకన్లలో 11 మీటర్లు పోతుంది. నిమిట్జ్ తరగతి నౌకల మీద వైర్ల మధ్య దూరం 12 మీటర్ల దరిదాపు. ఆలస్యం సరిగ్గా ఒక వైరంత ఉందన్నమాట.

స్కోరులో తగువు పుట్టేది ఇక్కడే. వైరు పట్టింది పైలట్ కంప్యూటర్‌లో. ఆ కబురు సర్వర్‌కి చేరి, స్కోరు రాసే స్క్రిప్టు విమానం ఎక్కడుందో చూసే లోపు అది ముందుకి జరిగిపోయి ఉంటుంది. మూడో వైరు కాస్తా నాలుగోదవుతుంది. మిషన్ తయారీదార్లు ఎక్కువగా వాడే మూస్ అనే ఉచిత స్క్రిప్టుల సమాహారంలో ఎయిర్‌బాస్ అనే భాగం ఉంది. నౌక దగ్గర వరుసలు చూసుకోవడం, మార్కులు వేయడం దాని పని. మల్టీప్లేయర్‌లో వైరు లెక్కని వెనక్కి జరిపే అమరిక ఒకటి దానిలోనే ఉంది, మామూలుగా ఆ జరుపు 12 మీటర్లు. సమస్య ఎంత పాతదో, ఎంత సాధారణమో ఆ ఒక్క అంకె చెబుతుంది. అయితే 30 పింగ్ ఉన్నవాడికీ 250 పింగ్ ఉన్నవాడికీ ఒకే దిద్దుబాటు ఎలా సరిపోతుందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. సరిపోదు. అందుకే పద్ధతిగా నడిచే గ్రూపుల్లో వైరు నంబరు విషయంలో పైలట్ స్క్రీన్ రికార్డింగ్‌దే తుది మాట.

నౌక విషయం కొంచెం వేరు. అది సర్వర్ సొత్తు. బరువైనది, నిదానమైనది, వేగం మారదు కాబట్టి ఎక్కడుంటుందో ఊహించడం తేలిక. కానీ డెక్ మీద ఆగి ఉన్న విమానం పైలట్ కంప్యూటర్‌ది. సర్వర్ ఎప్పుడైనా నౌక స్థానాన్ని అర మీటరు సర్దితే, దానితోపాటు చక్రాలు కూడా జరగాలి. జరగకపోతే చక్రం డెక్‌లోకి దిగినట్టు లెక్కవుతుంది, భౌతికశాస్త్రం నడిపే ఇంజన్ దాన్ని గుద్దుకోవడంగా తీసుకుని విమానాన్ని ఎగరేస్తుంది. పార్కింగ్‌లో ఊరికే నిలబడ్డ విమానం ఉన్నట్టుండి గెంతడానికి, జారడానికి, ఒక్కోసారి పేలిపోవడానికి మూలం ఈ రెండు లెక్కల మధ్య పొత్తు కుదరకపోవడమే. సాఫ్ట్‌వేర్‌లో దీనికి మందు విమానాన్ని నౌకకి కట్టేసినట్టు లెక్కగట్టడం. కట్టు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు విప్పాలి అన్నదే చిక్కు.

'పవర్' అన్న మాట చేరేలోపు

నౌక వెనక ఎడమ అంచున నిలబడి దిగే విమానాన్ని కనిపెట్టుకుని ఉండే అధికారిని ఎల్‌ఎస్‌ఓ అంటారు. ఆయన కూడా పైలటే. కిందకి జారుతుంటే 'పవర్' అంటారు, పరిస్థితి చేయి దాటితే 'వేవ్ ఆఫ్' అని తిప్పి పంపేస్తారు. ఆ మాట వింటే వాదన ఉండదు, థ్రాటిల్ ముందుకి తోయడమే. దిగిన ప్రతి ల్యాండింగ్‌కీ మార్కులుంటాయి. బాగా దిగితే 4, ఫర్వాలేదనిపిస్తే 3, హుక్కు ఏ వైరునీ పట్టక మళ్లీ గాల్లోకి లేస్తే 2.5, తిప్పి పంపితే 1. ఈ మార్కులన్నీ అందరికీ కనిపించేలా బోర్డు మీద పెడతారు. ఆన్‌లైన్ స్క్వాడ్రన్లు కూడా అచ్చం ఇలాగే బోర్డు పెట్టుకుంటాయి.

సూపర్‌క్యారియర్‌లో ఎల్‌ఎస్‌ఓ నిలబడే చోటు ఉంది, ఒక ప్లేయర్ అక్కడ నిలబడి డెక్ కెమెరాలో చూస్తూ మార్గదర్శనం చేయొచ్చు. వినడానికి బాగుంది. ఆలస్యం లెక్క వేస్తేనే గుండె జారుతుంది.

పైలట్ హైదరాబాద్‌లో 250 పింగ్‌తో, ఎల్‌ఎస్‌ఓ సర్వర్ దగ్గర్లో 30 పింగ్‌తో ఉన్నారనుకుందాం. పైలట్ విమానం ఎల్‌ఎస్‌ఓ స్క్రీన్ మీదకి రావడానికి రెండు పింగ్‌లలోనూ సగం చొప్పున, 140 మిల్లీసెకన్లు. 'పవర్' అన్న మాట వెనక్కి రావడానికి మళ్లీ అంతే, దానికి ఆడియో ప్రాసెసింగ్ ఆలస్యం అదనం. మొత్తం 0.4 సెకన్లు అనుకోవచ్చు. ఎల్‌ఎస్‌ఓ ఆలోచించే సమయం, పైలట్ స్పందించే సమయం, ఇంజన్ పుంజుకునే సమయం ఇందులో లేవు, అవి అసలు నౌక మీదా ఉంటాయి. ఈ 0.4 సెకన్లు ఇంటర్నెట్ వేసిన పన్ను. మామూలుగా దిగే విమానం నిమిషానికి 700 అడుగుల చొప్పున, అంటే సెకనుకి మూడున్నర మీటర్లు కిందకి వస్తుంది. 0.4 సెకన్లలో 1.4 మీటర్లు. అంతా సరిగ్గా ఉన్నప్పుడు హుక్కుకీ డెక్ వెనక అంచుకీ మధ్య ఉండే ఖాళీ 14 అడుగులు, సుమారు 4.3 మీటర్లు. ఆ ఖాళీలో మూడో వంతు పన్నుకే పోయింది. ఎల్‌ఎస్‌ఓ 'పవర్' అనేది విమానం మామూలు కంటే వేగంగా జారుతున్నప్పుడే కాబట్టి, నిమిషానికి వెయ్యి అడుగుల చొప్పున లెక్కిస్తే పోయేది దాదాపు సగం.

ఈ లెక్క నుంచి తేలేది ఒకటే. ఆన్‌లైన్ ఎల్‌ఎస్‌ఓ చివరి మూడు, నాలుగు సెకన్లలో రక్షించలేడు. అతని విలువంతా లైన్‌లోకి రాగానే 'కొంచెం పైన ఉన్నావు', 'గీతకి ఎడమన ఉన్నావు' అని ముందే చెప్పడంలో ఉంది. అనుభవం ఉన్న గ్రూపులు ఇది తెలియకపోయినా అలవాటుతో ఇలాగే చేస్తాయి. తిప్పి పంపే నిర్ణయం అసలు ఎల్‌ఎస్‌ఓ కంటే ముందే తీసుకుంటాయి. మాటల కోసం చాలామంది వాడేది సింపుల్‌రేడియో అనే ఉచిత ప్రోగ్రామ్. దాంట్లో విమానంలో పెట్టిన ఫ్రీక్వెన్సీలో ఉన్నవాళ్లకే మాట వినిపిస్తుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరి మాట ఇంకొకరి మాటని మింగేసేలా కూడా పెట్టుకోవచ్చు, అసలు రేడియోలో లాగే. మామూలు గ్రూప్ కాల్‌లో పదిమంది ఒకేసారి అరవడం కంటే ఇది నయం.

డెక్ మీద ట్రాఫిక్ జామ్

నిమిట్జ్ తరగతి నౌక పొడవు 333 మీటర్లు. ఫొటోలో చూస్తే మైదానంలా ఉంటుంది. నాలుగు కేటపల్ట్‌ల్లో రెండు ముందు భాగంలో, రెండు నడుము దగ్గర. నడుము దగ్గరి రెండూ ల్యాండింగ్ దారిలోకే వస్తాయి, కాబట్టి అక్కణ్ణుంచి ఎవరైనా ఎగురుతుంటే వెనక ఎవరూ దిగలేరు. అసలు నౌక మీద అందుకే ఎగరడం ఒక విడత, దిగడం ఒక విడతగా సాగుతుంది. పెళ్లి భోజనాల్లో ఒక బంతి లేస్తేనే తర్వాతి బంతి కూర్చున్నట్టు. పబ్లిక్ సర్వర్‌లో ఈ బంతులు ఉండవు. ఎవడికి వీలైనప్పుడు వాడు వస్తాడు.

వచ్చినవాడు అన్నీ ఆపేసి ఉన్న విమానంలో కూర్చుంటాడు. బ్యాటరీ, ఇంజన్లు అయ్యాక, విమానం ఎక్కడుందో ఎటు తిరిగి ఉందో లెక్కగట్టే ఐఎన్‌ఎస్ వ్యవస్థ సర్దుకోవాలి. నేల మీద అయితే విమానం కదలదు కాబట్టి పని తేలిక. ఇక్కడ నేలే కదులుతోంది. అందుకే హార్నెట్‌లో ఐఎన్‌ఎస్ నాబ్‌ని 'సీవీ' అనే స్థానంలో పెట్టాలి, పార్కింగ్ బ్రేక్ వేసే ఉంచాలి. కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో కంగారుపడి బ్రేక్ తీశాడా, సర్దుబాటు ఆగిపోతుంది. అంతసేపూ విమానం ఉన్నచోటే. ఉన్నచోటు కేటపల్ట్‌కి పోయే దారిలో అయితే వెనక నలుగురు కూడా ఉన్నచోటే. కొందరు ఇంజన్ స్టార్ట్ చేసి టీ తాగడానికి వెళ్తారు. వాళ్ల మీద ఏ స్క్రిప్టూ పనిచేయదు.

మిషన్ తయారీదార్లు దీనికి రకరకాల ఉపాయాలు వాడతారు. ఇంజన్లు తిరుగుతున్న విమానాలే ఇవ్వడం ఒకటి. కొందరిని నేల మీది ఎయిర్‌పోర్ట్ నుంచి పంపి, దిగడం మాత్రం నౌక మీద పెట్టడం ఇంకొకటి. దిగాక ఫలానా నిమిషాల్లో పక్కకి జరగని విమానాన్ని స్క్రిప్టుతో మాయం చేయడం మూడోది, అందరికీ కోపం తెప్పించేదీ ఇదే. పద్ధతిగా నడిచే స్క్వాడ్రన్లు ఒక మనిషిని ఎయిర్‌బాస్‌గా కూర్చోబెడతాయి. అతను ఆ రోజు ఎగరడు, డెక్ చూసుకుంటాడు. ఈ పనికి ముందుకొచ్చేవాళ్లు దొరకడమే కష్టం. దొరికిన సర్వర్‌కీ దొరకని సర్వర్‌కీ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

గాలికి ఎదురుగా, తీరానికి దూరంగా

విమానం దిగాలన్నా ఎగరాలన్నా డెక్ మీద 25 నాట్ల చుట్టుపక్కల ఎదురుగాలి కావాలి. ప్రకృతి 10 నాట్లు ఇస్తే మిగతా 15 నౌక పరుగెత్తి సంపాదించాలి. ఇది ఎంత ముఖ్యమో 1971 యుద్ధంలో మన తూర్పు తీరంలో పనిచేసిన పాత ఐఎన్‌ఎస్ విక్రాంత్ కథే చెబుతుంది. దాని నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు ఉండడంతో పూర్తి వేగం అందుకునే వీలు లేకపోయింది, సీ హాక్ యుద్ధ విమానాలని పంపడానికి గాలి మీద ఎక్కువ ఆధారపడాల్సి వచ్చింది.

సిమ్‌లో నౌకకి బాయిలర్ చిక్కులు లేవు, కానీ సముద్రం చాలదు. ఆరు గంటల మిషన్‌లో నౌక ఆపకుండా 25 నాట్లతో గాలికి ఎదురెళ్తే 150 నాటికల్ మైళ్లు పోతుంది. పర్షియన్ గల్ఫ్ లాంటి ఇరుకు మ్యాపులో అంతకంటే ముందే తీరం అడ్డొస్తుంది. అందుకని మిషన్ స్క్రిప్టు నౌకని వంతులవారీగా తిప్పుతుంది: అరగంట గాలికి ఎదురుగా, తర్వాత గాలి వాలున వెనక్కి, మళ్లీ ఎదురుగా. ఎదురుగా ఉన్నప్పుడే దిగాలి. ఆ సంగతి చూసుకోకుండా వెనక్కి పోతున్న నౌక మీద దిగడానికి వచ్చినవాడికి ఎదురుగాలి ఉండదు, డెక్‌తో పోలిస్తే వేగం ఇరవై, ముప్పై నాట్లు ఎక్కువవుతుంది. 'నిన్న దిగగలిగాను, ఇవాళ ఏమైంది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఇదే. ఇంకో చిన్న మెలిక: ల్యాండింగ్ డెక్ నౌక ముక్కుకి 9 డిగ్రీలు ఎడమకి తిరిగి ఉంటుంది. విమానం దిగుతుండగా ఆ గీత కుడివైపుకి జారిపోతూనే ఉంటుంది. నౌక ఎంత వేగంగా పోతే అంత జారుతుంది.

డీసీఎస్‌తో ఉచితంగా వచ్చే కాకసస్ మ్యాపు నల్లసముద్రానిది. లక్ష టన్నుల అమెరికా నౌక అందులో హాయిగా తిరుగుతుంటుంది. నిజానికి 1936 నాటి మాంట్రూ ఒప్పందం ప్రకారం నల్లసముద్ర తీరం లేని దేశాల యుద్ధనౌకలన్నీ కలిపి కూడా అక్కడ 45,000 టన్నులు మించకూడదు. అసలు జరగడానికే వీల్లేని దృశ్యం మీద ఇన్నేళ్లుగా ఇంతమంది ప్రాక్టీసు చేశారు. 2021లో ఉచితంగానే వచ్చిన మరియానాస్ మ్యాపులో పసిఫిక్ మహాసముద్రం ఉంది, నౌకకి అది అన్నివిధాలా సుఖమైన చోటు.

కేటపల్ట్ లేని నౌకలు

భారత నౌకాదళం దగ్గరున్న విక్రమాదిత్య, 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో దళంలో చేరిన కొత్త విక్రాంత్, రెండూ వేరే పద్ధతివి. వాటి మీద కేటపల్ట్ ఉండదు. మిగ్-29కె తన సొంత ఇంజన్ల బలంతో పరుగెత్తి, పైకి వంగిన ముందు భాగం మీంచి గాల్లోకి లేస్తుంది. దిగడం మాత్రం వైర్లతోనే. తేలికపాటి యుద్ధ విమానం నేవీ నమూనా 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద మొదటిసారి అలా దిగింది. దానికి ముందు గోవాలోని ఐఎన్‌ఎస్ హంస దగ్గర, నేల మీదే కట్టిన డెక్ లాంటి కేంద్రంలో ఎన్నో పరీక్షలు చేశారు. 2025 ఏప్రిల్‌లో కొనుగోలు ఒప్పందం కుదిరిన 26 రఫేల్ విమానాల్లో ఒకే సీటుండే 22 రఫేల్-ఎంలు కూడా ఈ పద్ధతిలోనే ఎగరాలి.

సిమ్‌లో దీనికి దగ్గరి అనుభవం రష్యా నౌక కుజ్నెత్సోవ్ మీంచి ఎస్‌యు-33ని ఎగరేయడం. ఆన్‌లైన్ కోణంలో చూస్తే ఈ పద్ధతికి ఒక లాభం, ఒక నష్టం. కేటపల్ట్‌కి తగులుకోవడం అనే తంతు లేదు కాబట్టి, ఆ క్షణంలో వచ్చే నెట్‌వర్క్ పొరపాట్లూ తక్కువ. కానీ ఎక్కువ బరువుతో ఎగరాలంటే పొడవైన పరుగు కావాలి, ఆ పరుగు మొదలయ్యే చోటు ల్యాండింగ్ దారిలోనే ఉంటుంది. డెక్ చిన్నది, ఆగే చోట్లు తక్కువ. పన్నెండు మంది హార్నెట్‌లతో ఎలాగోలా నెట్టుకొచ్చే మిషన్, ఇలాంటి నౌక మీద ఆరుగురితోనే బిగుసుకుపోతుంది.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఒకే డెక్

ఇక్కడివాళ్లకి సర్వర్ ఎంపిక దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి తిన్నగా కొలిస్తే సుమారు 7,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు, కాబట్టి వెళ్లి రావడానికి కనీసం 70 మిల్లీసెకన్లు. సముద్రం కింద కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో రౌటర్లుంటాయి, అందుకే స్క్రీన్ మీద కనిపించే అంకె దీనికి రెట్టింపు దరిదాపుల్లో ఉంటుంది. ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300కి మార్చినా ఈ అంకె తగ్గదు. దూరాన్ని ప్లాన్ తగ్గించలేదు. వైఫై బదులు కేబుల్ గుచ్చితే మాత్రం ఊగిసలాట తగ్గుతుంది, క్యారియర్‌కి కావాల్సింది అదే.

ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు డాలస్‌లో ఉండి కలిసి ఆడాలనుకుంటే సర్వర్ యూరప్‌లో పెట్టుకోవడం న్యాయమైన పంపకం. అది ఆలస్యాన్ని ఇద్దరికీ దాదాపు సమానంగా పంచుతుంది, పైన చూసిన ఎల్‌ఎస్‌ఓ లెక్కలో లాగా భారమంతా ఒకరి మీదే పడదు. సమయం కూడా చూసుకోవాలి. అక్కడ వేసవి గడియారం ప్రకారం డాలస్‌లో శనివారం రాత్రి 9 అంటే ఇక్కడ ఆదివారం ఉదయం 7:30. వారానికి ఇద్దరికీ కుదిరే పూట ఒక్కటే ఉంటుంది కాబట్టి, డెక్ మీద ఐఎన్‌ఎస్ కోసం పది నిమిషాలు పోవడం ఇలాంటి గ్రూపులకి ఇంకా బాధ కలిగిస్తుంది.

ఖర్చు కూడా తక్కువేం కాదు. డీసీఎస్ ఉచితమే, కానీ హార్నెట్ పూర్తి ధర 80 డాలర్లు, సూపర్‌క్యారియర్ 50 డాలర్లు. డిస్కౌంట్ సేల్ వచ్చేదాకా ఆగేవాళ్లే ఎక్కువ. పదిమంది గ్రూపులో అందరి దగ్గరా ఒకే మాడ్యూల్స్ ఉండడం అరుదు. మిషన్ ఎవరి దగ్గర ఏముందో చూసుకుని తయారవుతుంది గానీ, ఎవరికి ఏం కావాలో చూసుకుని కాదు.

నేర్చుకున్నది ఎంతవరకు నిజం?

విధానాలు, సంఖ్యలు, రేడియో మాటలు, వరుస పాటించడం: ఇవి అసలు పద్ధతికి చాలా దగ్గరగా ఉంటాయి. వీపు మీద పడే బరువు, రాత్రిపూట కడుపులో దిగే టెన్షన్, నిజంగా పగిలే లోహం కుర్చీలో కూర్చుంటే రావు. కంటిచూపు విషయంలో సిమ్ అసలుదాని కంటే కష్టమైనదే. ముప్పావు మైలు దూరంలో దీపం అద్దాలు మామూలు మానిటర్ మీద కొన్ని పిక్సెళ్లే, తలకి తగిలించుకునే వీఆర్ కళ్లజోడులో ఇంకా మసక. అందుకే దాన్ని పెద్దదిగా చూపించే చిన్న కిటికీ సూపర్‌క్యారియర్‌లో పెట్టారు. అది మోసమని కొందరంటారు. అసలు పైలట్ కన్ను ఏ మానిటర్ కంటే కూడా మెరుగైనదని గుర్తుంటే ఆ వాదన నిలవదు.

అసలు నేవీ కూడా చేతి పనిని తగ్గించే దారిలోనే పోతోంది. సూపర్ హార్నెట్‌లలో వచ్చిన ప్రెసిషన్ ల్యాండింగ్ మోడ్ వల్ల చివరి క్షణాల్లో పైలట్ చేసే చిన్న చిన్న దిద్దుబాట్లు బాగా తగ్గాయి. ఇళ్లలో ఎక్కువమంది నడిపే పాత హార్నెట్ 'సీ' రకంలో ఆ సౌకర్యం లేదు. పదేపదే థ్రాటిల్ కదుపుతూ దీపాన్ని మధ్యలో పెట్టే ఆ పాత విద్యని అభ్యసించేవాళ్లలో ఇళ్లలో కూర్చున్న ప్లేయర్ల వాటా పెరుగుతూ వస్తుంది. నెట్‌వర్క్ ఆలస్యాన్ని ఏ సాఫ్ట్‌వేర్ అప్‌డేటూ పూర్తిగా తీసేయలేదు, కేబుల్ పొడవు మారదు కాబట్టి. వైరు లెక్కని ఒక్కో పైలట్ పింగ్‌కి తగ్గట్టు సరిచేయడం, డెక్ మీద విమానాన్ని నౌకకి ఇంకా గట్టిగా కట్టేయడం మాత్రం చేయగలిగిన పనులే. అవి జరిగేదాకా పెద్ద గ్రూపులు స్కోరు బోర్డు పక్కనే పైలట్ పింగ్ కూడా రాసుకోవడం మంచిది.